ఎకరాల లెక్కలో కౌలు రైతు ఎక్కడ?

ఓట్లప్పుడు మీ పొలం గట్టు మీదకొచ్చి 'నేనూ రైతు బిడ్డనే' అనని నాయకుడు ఉండడు. మాట అబద్ధం కాకపోవచ్చు, ఆయనకూ భూములుంటాయి. ఎన్నున్నాయో 2003 నుంచి నామినేషన్‌తో పాటు ప్రమాణపత్రంలో రాసివ్వాల్సిందే. కానీ భూమి ఉండటం వేరు, భూమిని నమ్ముకుని అప్పు చేయడం వేరు.

అలాగని డబ్బున్నవాడికి మన బాధ తెలియదని కొట్టిపారేయలేం. 2003లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా మండుటెండల్లో నడిచారు. 2004 మే 14న ముఖ్యమంత్రిగా తొలి సంతకం వ్యవసాయానికి ఉచిత కరెంటు ఫైలు మీదే పెట్టారు. బోరున్న రైతుకు అది పెద్ద ఊరట.

మరి బోరూ పట్టా రెండూ లేనివాడి సంగతి? 2018లో తెలంగాణ సర్కారు రైతుబంధు తెచ్చింది. అప్పట్లో ఎకరానికి పంటకు 4 వేలు, అదీ పట్టాదారుకే. ఇన్ని ఎకరాలకే అన్న పరిమితి పెట్టలేదు. మీరే లెక్కేయండి: యాభై ఎకరాల ఆసామికి, దుక్కి దున్నకపోయినా, అప్పుడు పంటకు 2 లక్షలు వచ్చేవి. ఆయన దగ్గరే మూడెకరాలు కౌలుకు చేసే మీకు సున్నా. పైగా కౌలు డబ్బు కట్టాలి, ఎరువులు అరువు తెచ్చుకోవాలి. ఈ లెక్క రాసిన చేతికి కౌలుదారు కనబడలేదనే అనుకోవాలి.

2019లో ఆంధ్రప్రదేశ్ సాగుదారు హక్కుల చట్టం కొంత నయం. 11 నెలల ఒప్పందంతో కార్డు ఇస్తామంది. అయితే దానికి యజమాని సంతకం కావాలి. పెడితే భూమి ఎక్కడ పోతుందోనని ఆసాముల భయం. సంతకం లేక కార్డు లేదు, కార్డు లేక బ్యాంకు గుమ్మం ఎక్కనివ్వరు. మళ్లీ షావుకారు దగ్గరికే.