దాస్తే నష్టం.. చెబితే హక్కు

గుంటూరు: కల్లాల్లో మిర్చి ఎండి టిక్కీల్లోకి చేరే వేళకే ఇంటర్ ఫలితాలూ వస్తాయి. ఏ అరుగు మీద చూసినా మార్కుల మాటే. ఆటిజం ఉన్న పిల్లల ఇళ్లలో మాత్రం వేరే గుబులు. డిగ్రీ దరఖాస్తులో వైకల్యం గడి దగ్గర కలం ఆగిపోతుంది. రాస్తే కాలేజీవాళ్లు చేర్చుకోరేమో, అక్కకు సంబంధాలు తప్పిపోతాయేమో అని భయం. రాయకపోతే ఏం పోతుందో చెప్పేవారు తక్కువ.

ఆటిజం పిచ్చి కాదు, గాలి సోకడమూ కాదు. మెదడు ఎదుగుదలలో చిన్ననాటి నుంచే ఉండే తేడా. కొందరికి మాటే రాదు. మరికొందరు లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకుంటారు గానీ గోల భరించలేరు, రోజువారీ వరస మారితే తల్లడిల్లిపోతారు. అలాంటి వారికి కొత్త హాస్టలు, వందమంది కూర్చునే తరగతి పెద్ద పరీక్షే.

చట్టం ఏమంటోంది?

1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. 2016 చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో దానికి చోటు దక్కింది. 2017 ఏప్రిల్ 19 నుంచి ఇది అమల్లో ఉంది. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థలు కనీసం 5 శాతం సీట్లు ఇవ్వాలి. వయోపరిమితిలో అయిదేళ్లు సడలించాలి. నాగార్జున విశ్వవిద్యాలయానికైనా, బాపట్ల వ్యవసాయ కళాశాలకైనా ఇదే చట్టం.

రాతపరీక్షలో గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని కేంద్రం 2018లో మార్గదర్శకాలిచ్చింది. అంటే మూడు గంటల పరీక్షకు మరో గంట. 40 శాతం లేదన్న ఒక్క కారణంతో పరీక్షలో సహాయం నిరాకరించరాదని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక సివిల్ సర్వీసు అభ్యర్థి కేసులో తీర్పు చెప్పింది.

ఉన్నదున్నట్టు చెప్పాలి

వీటన్నిటికీ మూలం సర్టిఫికెట్. ప్రభుత్వ వైద్యులు పరీక్షించి ఇస్తారు. సీట్ల వేళ పరుగులు పెడితే అందదు గనుక ఇంటర్ మొదటి ఏడాదిలోనే మీసేవలో వాకబు చేసుకోవడం మేలు. ఆటిజం కొలిచేందుకు సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ రూపొందించిన పట్టికలో 40 అంశాలున్నాయి. వైద్యులు తల్లిదండ్రులనూ ప్రశ్నలడుగుతారు. అక్కడ సిగ్గుపడి ‘మావాడు బాగానే ఉంటాడండీ’ అంటే శాతం తగ్గిపోతుంది.

సీటొచ్చాకా చెప్పాలి. ‘ఆటిజం ఉంది’ అంటే సరిపోదు. ఏం కావాలో విడివిడిగా రాసివ్వాలి. తలుపు పక్కన సీటు, టైంటేబుల్ మార్పు ముందే చెప్పడం, పరీక్షకు గోల లేని గది, ఇబ్బంది వస్తే వెళ్లి చెప్పుకోవడానికి ఒక మాస్టారు. సర్టిఫికెట్ నకలు జతచేసి, అర్జీ అందినట్టు సంతకం తీసుకోవాలి. కాదంటే జిల్లా సంక్షేమ శాఖలో అడగవచ్చు, రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

సంబంధాల భయం ఒక్కరోజులో పోయేది కాదు. అయితే దరఖాస్తు రచ్చబండ మీద చదివేది కాదు, కాలేజీ ఆఫీసులో ఉండే కాగితం. తోటి విద్యార్థులకు చెప్పాలా వద్దా అన్నది ఆ పిల్లవాడి ఇష్టం. గడి ఖాళీగా వదిలితే మాత్రం సీటూ, ఆ అదనపు గంటా అడిగే దారి మూసుకుపోతుంది.