చిన్నదారి నుండి పెద్దదారికి

ఇస్నాపూరు వద్ద పాశమైలారము పారిశ్రామికవాడ నుండి వచ్చు దారి 65వ జాతీయ రహదారిని కలియుచున్నది. 2010లో రహదారుల సంఖ్యలు మార్చుటకు పూర్వము దీనినే 9వ నంబరు రహదారి అనెడివారు. పటాన్‌చెరు నుండి సంగారెడ్డి వరకు ఇటువంటి చిన్నదారులు అనేకము కలవు. ఫ్యాక్టరీలలో షిఫ్టు మారు వేళ కంపెనీ బస్సులు, లారీలు, మోటారు సైకిళ్లు వీటి మొదట బారులు తీరును. దీపములు గాని, పోలీసు గాని లేనిచోట ముందు ఎవరు కదలవలెను?

చట్టము చెప్పునది స్పష్టమే. ప్రధానమార్గములో ప్రవేశించువాడు దానిపై పోవుచున్న వాహనములకు దారి ఇవ్వవలెను. 2017 నాటి మోటారు వాహన చోదక నిబంధనలలోను ఇదే సూత్రము కలదు. కాని ఎంత ఖాళీ దొరికినప్పుడు బయలుదేరవచ్చునో చట్టము చెప్పదు; అది గతిశాస్త్రము చెప్పవలసిన మాట.

బరువుతో నిండిన లారీ నిలుకడ నుండి బయలుదేరినప్పుడు దాని త్వరణము సెకనుకు సెకనుకు అర మీటరు అనుకొందము. పూర్తిగా మలుపు తిరుగుటకు అది 20 మీటర్లు నడువవలెను. అందుకు సుమారు 9 సెకనులు పట్టును. గంటకు 80 కిలోమీటర్ల వేగముతో వచ్చు కారు ఈలోగా 200 మీటర్లు వచ్చివేయును. కనుక ఆ కారు 100 మీటర్ల దూరములో నుండగా లారీ ముందుకు సాగినచో, బ్రేకు వేయు భారమంతయు కారు డ్రైవరుపై బడును. అతడు అపాయమును గుర్తించి బ్రేకు వేయుటకు 2.5 సెకనులు పట్టెనేని, అప్పటికే 55 మీటర్లు గడచిపోవును.

మరి 9 సెకనుల ఖాళీ కొరకు ఎంతసేపు వేచియుండవలెను? 1936లో ఇంగ్లండులో ఆడమ్స్ అను నాతడు వాహనముల రాకను యాదృచ్ఛిక శ్రేణిగా భావించి ఇట్టి లెక్క కట్టెను. ఆ లెక్క ప్రకారము గంటకు 600 వాహనములు పోవు దారిలో సగటున 12 సెకనులు వేచియున్న చాలును. 1200 అయినచో 48 సెకనులు. 1800 అయినచో 169 సెకనులు! రద్దీ మూడు రెట్లయినచో నిరీక్షణ పదునాలుగు రెట్లగుచున్నది. కుడివైపునకు తిరుగువాడు రెండు దిక్కుల వాహనములను చూడవలెను గనుక అతని పాట్లు మరింత ఎక్కువ. డ్రైవర్లు ముక్కు ముందుకు పెట్టి దారి లాగుకొనుటకు మూలము దురుసుతనమొక్కటే కాదని దీనివలన తెలియును. వెనుకనున్నవారు హారను మ్రోగించుట మాత్రము నిష్ప్రయోజనము. దానివలన ఖాళీ ఒక్క సెకనైనను పెరుగదు.

కన్నును కూడ పూర్తిగా నమ్మరాదు. 80 కిలోమీటర్ల వేగముతో వచ్చు లారీ 200 మీటర్ల దూరమున నున్నప్పుడు ఒక సెకనులో దాని ఆకారము ఎనిమిదవ వంతు మాత్రమే పెద్దదిగా కనబడును. అదే 44 మీటర్ల దూరమున ఒక్క సెకనులో రెట్టింపగును. అందుచే దూరమున నున్నది నిలిచియున్నట్లు తోచి, అకస్మాత్తుగా మీదికి వచ్చినట్లుండును. మోటారు సైకిలు వెడల్పు లారీలో సుమారు మూడవ వంతే గనుక అది ఉన్నదానికంటె దూరమున నున్నట్లు భ్రమ కలుగును.

హెడ్‌లైట్లు మిటకరించుటకు బ్రిటనులో తరచు “మీరు రండి” అని అర్థము చెప్పుకొందురు. మన దారులలో సాధారణముగా “నేను వచ్చుచున్నాను, ఆగుము” అని అర్థము. ఇక రహదారిపై పోవు లారీ డ్రైవరు దయతలచి ఆగి, చేయి ఊపి దారి ఇచ్చెననుకొందము. అతడు ఆపినది తన వరుసను మాత్రమే. రెండవ వరుసలో వచ్చు మోటారు సైకిలు ఆ లారీ చాటున ఉండును. చిన్నదారివాడు లారీ ముందు భాగము దాటువరకు మెల్లగా సాగి, అక్కడ మరల ఆగి చూచినప్పుడే అది కంటబడును.