ఆపరేషన్ ఆమెకే, పరీక్షలూ ఆమెకే

ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో పదిమందికి ఏడుగురు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చిన లెక్క 69.6 శాతం. దేశంలో మరే రాష్ట్రంలోనూ ఇంత లేదు. అదే సర్వేలో మగవాళ్లకు చేసే వేసెక్టమీ వాటా అర శాతం కూడా లేదు. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి పక్క మామిడి తోటల్లో కాయ ఏరే ఆడవాళ్లను పిల్లలెంతమందని అడిగితే జవాబు సాధారణంగా రెండు ముక్కల్లో వస్తుంది: "ఇద్దరండీ, ఆపరేషన్ అయిపోయింది."

ఒక స్త్రీ జీవితకాలంలో సగటున ఎంతమందిని కంటుందో చెప్పే అంచనా సంతానోత్పత్తి రేటు. జనాభా పెరగకుండా తరగకుండా నిలవాలంటే అది 2.1 ఉండాలి. రెండుకు పైన ఆ 0.1 ఎందుకంటే, పుట్టే పిల్లల్లో మగపిల్లలు కాస్త ఎక్కువ, పుట్టినవాళ్లందరూ తల్లులయ్యే వయసుదాకా బతకరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1992-93లో ఈ రేటు 2.6. 2005-06కల్లా 1.8కి దిగింది. 2019-21లో ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌కు 1.7.

ఈ పతనం జనాభా శాస్త్రవేత్తలను చాలాకాలం తికమకపెట్టింది. కేరళలో జననాలు తగ్గాయంటే ఆడవాళ్ల చదువు వల్ల అని చెప్పుకునేవారు. 1991 జనగణనలో అక్కడి స్త్రీల అక్షరాస్యత 86 శాతం, మన దగ్గర 33. చదువు లేకుండానే ఆంధ్ర ఎలా తగ్గిందన్న ప్రశ్నకు జవాబులు చాలా వచ్చాయి. 1983లో మొదలైన రెండు రూపాయల బియ్యం అన్నారు, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అంటుకున్న సారా వ్యతిరేక ఉద్యమం అన్నారు, పొదుపు సంఘాలన్నారు. అన్నిటిలోనూ కొంత నిజం ఉంది. కానీ వాటికంటే ఊరూరా తిరిగిన ఏఎన్ఎమ్ నర్సమ్మలు, పీహెచ్‌సీల్లో పెట్టిన డీపీఎల్ (లాపరోస్కోపీ ఆపరేషన్) క్యాంపులు ఎక్కువ పని చేశాయని నా అభిప్రాయం. ఎమర్జెన్సీ చివరి ఏడాది, 1976-77లో, దేశంలో దాదాపు 82 లక్షల ఆపరేషన్లు జరిగితే వాటిలో సుమారు 62 లక్షలు మగవాళ్లకే. ఆ బలవంతం మీద లేచిన కోపానికి ప్రభుత్వాలు మగవాళ్ల జోలికి వెళ్లడం మానేశాయి. బరువంతా ఆడవాళ్ల వైపు ఒరిగింది, అలాగే ఉండిపోయింది.

అలా ఇక్కడ ఒక విచిత్రమైన జీవితక్రమం స్థిరపడింది. ఇరవైకి ముందో వెనకో పెళ్లి, ఏడాది తిరిగేసరికి కాన్పు, ఇంకో రెండేళ్లకు రెండోది, చాలామందికి పాతికేళ్లు నిండకుండానే ఆపరేషన్. మాత్రలు, లూప్, నిరోధ్ లాంటివి వాడేవాళ్లు అతి స్వల్పం. కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడం పెట్టుకోవడమనేది దాదాపు లేదు. 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవాళ్లు. 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో 12.6 శాతం అప్పటికే తల్లులో గర్భవతులో. జననాల రేటు తక్కువ కనబడితే ఆడవాళ్లకు స్వేచ్ఛ వచ్చిందనుకుంటాం. ఇక్కడ పిల్లల సంఖ్య తగ్గింది గానీ పెళ్లి వయసు ఆ మేరకు పెరగలేదు.

పెళ్లిని వెనక్కి నెట్టేది ఏమిటో నూజివీడులోనే చూడొచ్చు. 2008లో ఇక్కడ పెట్టిన ట్రిపుల్ ఐటీలో పదో తరగతి మార్కుల మీద పల్లెటూరి పిల్లలకు సీటిస్తారు. ఆరేళ్ల చదువు, హాస్టల్. పదహారు నుంచి ఇరవై రెండు దాకా. పక్క ఊళ్లో అదే ఈడు పిల్లకు పెళ్లీ రెండు కాన్పులూ అయ్యేవి సరిగ్గా ఆ ఆరేళ్లలోనే.

ఇప్పుడు ప్రభుత్వం రాగం మార్చింది. 1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి పిల్లలుంటే సర్పంచ్‌గా పోటీకి పనికిరారంది. 2024 నవంబరులో శాసనసభ ఆ నిబంధనను ఎత్తేసింది. ఒకప్పుడు కుటుంబ నియంత్రణను గట్టిగా ప్రచారం చేసిన చంద్రబాబు నాయుడే, ముసలివాళ్లు పెరిగి పనిచేసేవాళ్లు తగ్గుతున్నారని, ఎక్కువమందిని కనమని అంటున్నారు. వినాల్సినవాళ్లలో ఎక్కువమందికి ఆపరేషన్ అయిపోయిందన్నది ఒక చిక్కు. నాళాలను తిరిగి కలిపే రీకెనలైజేషన్ ఉంది గానీ, మొదట ఏ పద్ధతిలో ముడివేశారు, ఎంత నాళం మిగిలింది, ఇప్పుడామె వయసెంత అన్నదాన్ని బట్టే ఫలితం. ఇక డబ్బిచ్చి పిల్లల్ని కనేలా చేయడం ఎంత కష్టమో దక్షిణ కొరియాను చూస్తే తెలుస్తుంది. ఏళ్ల తరబడి ఖర్చుపెట్టాక 2023లో అక్కడి రేటు 0.72.

ఇద్దరు చాలనుకున్నవాళ్ల సంగతి ఇది. ఒక్కరైనా పుట్టక తిరిగేవాళ్ల సంగతి వేరు. రక్షణ ఏమీ వాడకుండా ఏడాదిపాటు కలిసి ఉన్నా గర్భం రాకపోతే వైద్యులు దాన్ని సంతానలేమి అంటారు. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దీన్ని ఎదుర్కొంటారని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మన దేశంలో దీనికి అంతగా పేరెత్తని కారణం ఒకటుంది: క్షయ. దగ్గు లేకుండా, జ్వరం తెలియకుండా గర్భనాళాల్లో చేరి వాటిని మూసేస్తుంది.

వయసు లెక్క మాత్రం నిర్దయగా ఉంటుంది. ఆడపిల్ల తల్లి కడుపులో అయిదు నెలల పిండంగా ఉన్నప్పుడు ఆమె అండాశయాల్లో అరవై డెబ్బై లక్షల అండకణాలుంటాయి. పుట్టేసరికి పది ఇరవై లక్షలు, రజస్వలయ్యేనాటికి మూడు నాలుగు లక్షలు. జీవితం మొత్తంలో విడుదలయ్యేవి నాలుగైదు వందలు. మామిడి పూత ఎరిగిన రైతుకు ఇది వింతగా తోచదు. ఒక్క పూగుత్తిలో వందల పూలుంటే పిందె నిలిచేది ఒకటో రెండో. ముప్పై అయిదు దాటాక అండాల సంఖ్యే కాదు, నాణ్యతా వేగంగా పడిపోతుంది. గర్భసంచి అంత త్వరగా ముసలిదవదు. 2019 సెప్టెంబరులో గుంటూరులో డెబ్బై దాటిన ఒక మహిళ కవలలను కనగలిగింది దాత ఇచ్చిన అండంతో, హార్మోన్లతో సిద్ధం చేసిన గర్భసంచితో. శాస్త్రం చేయగలదని తేలింది. చేయాలా అన్న చర్చ చాలా రేగింది. 2021లో వచ్చిన కేంద్ర చట్టం ఐవీఎఫ్ లాంటి చికిత్సలకు స్త్రీకి 50, పురుషుడికి 55 ఏళ్లు పైహద్దుగా పెట్టింది.

మగవాడి దగ్గరికి వద్దాం. పిల్లలు పుట్టని జంటల్లో దాదాపు సగం కేసుల్లో అతని వైపు లోపం ఒక్కటే కారణమో, కారణాల్లో ఒకటో అవుతుంది. అయినా గుళ్లకు తిరిగేదీ, స్కానింగులకు వెళ్లేదీ ముందు కోడలే. వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది. వృషణాలు శరీరం కంటే రెండు నుంచి నాలుగు డిగ్రీలు చల్లగా ఉంటేనే ఆ పని సాగుతుంది. వేడి, పొగాకు, మద్యం, మధుమేహం, వృషణాల దగ్గర సిరలు ఉబ్బే వెరికోసీల్, ఇవన్నీ దాన్ని దెబ్బతీస్తాయి.

పురుగుమందులు కూడా. 1977లో కాలిఫోర్నియాలోని లాత్రోప్‌లో డీబీసీపీ అనే మందు తయారుచేసే కార్మికులు, తమలో ఎవరికీ ఈమధ్య పిల్లలు పుట్టడం లేదని మాటల్లో గమనించుకున్నారు. పరీక్షిస్తే కొందరికి వీర్యకణాలే లేవు. ఆ మందును తర్వాత నిషేధించారు, మన దేశంలో కూడా. కానీ ఈలోగా కోస్టారికా అరటితోటల్లో వేలమంది కూలీలు దాన్ని వాడి నష్టపోయారు. ఇప్పటి మందులు అంత దారుణమైనవి కావు. అయితే 2023లో ఎన్నో అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలో ఆర్గనోఫాస్ఫేట్, కార్బమేట్ మందుల ప్రభావం ఎక్కువగా ఉన్నవారిలో వీర్యకణాల సాంద్రత తక్కువగా కనిపించింది. మామిడి తోటల్లో తేనెమంచు పురుగుకు పూతకాలంలో పదేపదే మందు కొడతారు. ముఖానికి తువ్వాలు చుట్టుకుంటే సరిపోదు, చాలా మందులు చర్మం గుండా లోపలికి వెళతాయి. ఆ తడిసిన చొక్కా ఉతికేది ఎవరో చెప్పక్కర్లేదు.

వీర్యపరీక్ష చవక, సూది గుచ్చే పని లేదు. రెండు నుంచి ఏడు రోజులు విరామం పాటించి నమూనా ఇవ్వాలి. మిల్లీలీటరుకు కోటీ అరవై లక్షల కణాలకు తగ్గితే తక్కువ కింద లెక్క. ఒక్క ఫలితంతో తేల్చేయకూడదు, మళ్లీ చేయించాలి. జనవరిలో స్ప్రేయర్ భుజాన వేసుకున్న మనిషి పరీక్ష ఫలితం ఫిబ్రవరిలో బాగా రాకపోతే, పురుగుమందు పిచికారీ మానేశాక మూడు నెలలు ఆగాలి. అంటే కోతలు జోరుగా సాగే మే నెలలో రెండోసారి ఇస్తే సరిపోతుంది. ఆమెకు గర్భనాళాల ఎక్స్‌రే, లాపరోస్కోపీ రాసేముందే అతని పరీక్ష కాగితం డాక్టరు బల్లమీద ఉండాలి.