హైవే మీద స్టీరింగ్‌కి పట్టు

బెంగళూరులోని కుందలహళ్ళి ట్రాఫిక్‌లో రోజూ కారు నడిపేవాళ్ళకు ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ ఎంత మేలు చేస్తుందో వేరే చెప్పక్కర్లేదు. బంపర్లు రాసుకునే రద్దీలోనూ, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోని ఇరుకు పార్కింగ్‌లోనూ స్టీరింగ్ ఒంటిచేత్తో తిరుగుతుంది. అదే కారు హోస్కోటె, కోలారు, పలమనేరు మీదుగా తిరుపతికి బయల్దేరితే వేగం నూటికి చేరేసరికి స్టీరింగ్ తేలిపోతుంది. చక్రాలు ఎటు చూస్తున్నాయో చేతికి తెలియదు. కారును గీతల మధ్య ఉంచడానికి అటూ ఇటూ సర్దుతూనే ఉండాలి. ఎందుకిలా? జవాబు కావాలంటే ఈ యంత్రం పుట్టుక నుంచి చూడాలి.

అమెరికాలో పియర్స్-యారో కంపెనీ లారీల విభాగంలో పనిచేసిన ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీరు, బరువైన బళ్ళ స్టీరింగ్ తిప్పే శ్రమను నూనె ఒత్తిడితో తగ్గించే ఏర్పాటు చేసి 1926లో కారుకు బిగించి చూపించాడు. ఖర్చు ఎక్కువని కార్ల కంపెనీలు వెనకాడాయి. రెండో ప్రపంచయుద్ధంలో సైనిక వాహనాల్లో అది రుజువయ్యాక, 1951లో క్రైస్లర్ ఇంపీరియల్ ద్వారా మామూలు కొనుగోలుదారులకు అందింది.

ఈ హైడ్రాలిక్ పద్ధతిలో ఒక లోపం ఉంది. నూనె పంపు ఇంజన్ బెల్టుతో తిరుగుతుంది కాబట్టి, తిన్నని రోడ్డు మీద కూడా కొంత శక్తిని తినేస్తుంది. చిన్న ఇంజన్‌కి అది పెద్ద బరువు. అందుకే విద్యుత్ మోటారు మొదట చిన్న కారుకే వచ్చింది. 1988లో జపాన్‌లో సుజుకీ సెర్వోకు కోయో సేకో తయారుచేసిన ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ అమర్చారు. స్టీరింగ్ తిప్పినప్పుడే మోటారు పనిచేస్తుంది, లేకపోతే ఊరుకుంటుంది.

దీని గుండె టార్షన్ బార్ అనే సన్నని ఉక్కు కడ్డీ. మనం స్టీరింగ్ తిప్పగానే అది కొద్ది డిగ్రీలు మెలితిరుగుతుంది. ఆ మెలికను సెన్సర్ కొలుస్తుంది. కంప్యూటర్ కారు వేగం కూడా చూసుకుని, మోటారు ఎంత సాయం చేయాలో నిర్ణయిస్తుంది. పార్కింగ్‌లో ఎక్కువ, హైవేలో తక్కువ.

చిక్కు మధ్యస్థానం దగ్గర వస్తుంది. హైవే మీద స్టీరింగ్‌ను మనం కదిపేది చాలా తక్కువ. రోడ్డు నుంచి తిరిగొచ్చే బలం కూడా చిన్నదే. చిన్న కార్లలో మోటారు సాధారణంగా స్టీరింగ్ కాలమ్ మీదే ఉంటుంది. దాని గేర్లలోని రాపిడి ఆ చిన్న బలాన్ని మింగేస్తే, రోడ్డు కబురు చేతిదాకా రాదు.

అయినా తప్పంతా మోటారు మీద వేయడం తొందరపాటు. కారును తిన్నగా నడిపే బలం కింద, చక్రాల దగ్గర పుడుతుంది. ముందు చక్రం తిరిగే అక్షం పైభాగం కాస్త వెనక్కి వాలి ఉంటుంది. సైకిల్ ఫోర్కు వాలులో ఉన్న కిటుకే ఇక్కడా ఉంది: బండి ముందుకు పోతుంటే చక్రాలు వాటంతటవే తిన్నగా సర్దుకుంటాయి. ఆ వాలునే క్యాస్టర్ అంటారు.

కాబట్టి మరమ్మతు కింది నుంచి మొదలుపెట్టాలి. మొదట గాలి. టైర్లు చల్లగా ఉన్నప్పుడు, కంపెనీ సూచించిన ఒత్తిడికి సరిచేయించండి. తర్వాత, కారును లిఫ్ట్ మీదకెత్తి, ముందు చక్రాన్ని గడియారంలో మూడు, తొమ్మిది ఉండే చోట్ల పట్టుకుని అటూ ఇటూ ఊపమనండి. టక్కుమని ఆడితే, స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్ అరిగిందేమో చూడాలి. అరిగిన భాగాలు మార్చకుండా అలైన్‌మెంట్ చేయించడం డబ్బు దండగ.

అలైన్‌మెంట్‌లో టో, అంటే చక్రాల ముందరి అంచులు లోపలికో బయటికో తిరిగి ఉన్న కొలత, ఎంతో అడిగి చూడండి. ముందు చక్రాల ముందరి అంచులు బయటికి విచ్చుకుని ఉంటే కారు తిన్నగా నిలవదు, చీటికీమాటికీ పక్కకి లాగుతుంది. ఎత్తు పెంచే స్పేసర్లు వేయించినా ఈ కొలతలు మారతాయి. చివరగా, స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ ఉన్న కారైతే, దాని సున్నా స్థానాన్ని స్కానర్‌తో సరిచూడాలి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా పట్టు రాకపోతే, అది ఆ మోడల్ సాఫ్ట్‌వేర్ స్వభావం కావచ్చు. అధీకృత వర్క్‌షాపులో అప్‌డేట్ ఉందేమో అడగండి. ఊరూపేరూ లేని ప్రోగ్రాములు మాత్రం ఎక్కించకండి. ప్రాణాలు ఆ స్టీరింగ్ మీదే ఉంటాయి. కొత్త కారు కొనేవాళ్ళు టెస్ట్ డ్రైవ్‌ను కాలనీ సందుల్లో ముగించకుండా హైవే దాకా తీసుకెళ్ళండి. స్టీరింగ్ అసలు గుణం బయటపడేది అక్కడే.