పడిపోవుట అజాగ్రత్త కాదు

ఇంటిలో నెవరైన తూలిపడినచో "చూచి నడువరాదా?" యని మందలించుట మన కలవాటు. మల్టిపుల్ స్క్లెరోసిస్ అను నరముల వ్యాధి గలవారి యెడల నీ మాట అన్యాయమని మా యభిప్రాయము.

ఈ వ్యాధిని 1868లో పారిసునగరపు సాల్పెట్రియేర్ వైద్యశాలయందు షార్కో అను వైద్యుడు విశదముగ వర్ణించెను. మెదడులోను వెన్నుపాములోను నరపుపోగులను మైలిన్ అను పొర కప్పియుండును. శరీరరక్షణ శక్తియే పొరబడి యా పొరను చెరచును. అంతట మెదడు ఆజ్ఞలు కాళ్లకు సరిగా చేరవు. ఇది తరచుగ 20 మొదలు 40 ఏండ్ల ప్రాయమున నారంభించును. పురుషులకంటె స్త్రీలకు రెండు మూడు రెట్లు హెచ్చు. కావున సోదరీమణులు దీని నెరుంగుట యవసరము.

ఈ రోగులలో సుమారు సగముమంది మూడు నుండి యారు మాసములలో నొక్కమారైనను పడుదురని పరిశోధనలు తెలుపుచున్నవి. పాదములకు స్పర్శ తగ్గును, కాళ్లు బిగిసి గడప తగులును, చూపు మసకబారును. మూత్రము నాపుకొనలేక రాత్రివేళ త్వరపడుటయు నొక కారణమే. నడచుచు మాటలాడినను, బిందె మోసినను దృష్టి చీలి యడుగు తప్పును. శ్రమచే రోగుల చూపు కొంతసేపు మందగించుటను 1890లో జర్మను నేత్రవైద్యుడు ఊట్‌హాఫ్ వర్ణించెను. శరీరము వేడెక్కుటయే దానికి మూలమని పిమ్మట తేలినది. వంటింటి సెగయు, మన వేసవియు నిట్టివారికి గడ్డువేళలే.

ఒకమారు పడినవారు భయముచే నడక తగ్గింతురు. దానిచే కండలు సడలి మరల పడుదురు. "కదలకుము" అని కూర్చుండబెట్టుట ప్రేమయే కాని మేలు కాదు. ఎచట, ఏ వేళ, ఏమి చేయుచు పడినదో మెల్లగ నడిగి వైద్యునికి తెలుపుడు. కొన్ని మందులు మగత కలిగించును గనుక వానిని గూర్చియు నడుగుడు.

స్నానపుగదిలో నీరు నిలువనీయక, గోడకు పట్టుకొనుటకు కడ్డీ నమర్పుడు. దారిలో మడతపడిన చాపలు తీయుడు. రాత్రి దీప ముంచుడు. బరువుపనులు చల్లని వేళ కుంచుడు. ఫిజియోథెరపిస్టు నేర్పు వ్యాయామములచే నిలుకడ పెరుగును. చేతికర్ర పట్టుట చిన్నతనము కాదు. ఆమె యెత్తునకు తగినది వైద్యుల సలహాపై నేర్పరచుకొన్నచో, నూతివద్దకును గుడికిని తానే నడచి పోగలదు.