బూజు: దులుపవలసినది, దులుపరానిది

తెలుగున బూజు అను మాట ఒకటియే అయినను అది తెలుపు వస్తువులు రెండు. ఇంటి మూలలందు సాలెపురుగు దారములకు దుమ్మును, పొగయు అంటుకొని వ్రేలాడునది మొదటిది. ఊరగాయ మీదను, తోలుచెప్పుల మీదను, పుస్తకపు అట్టల మీదను తెల్లగనో పచ్చగనో మొలచునది రెండవది. మొదటిది మురికి, రెండవది ప్రాణముగల శిలీంధ్రము. పండుగకు ముందు ఇంటివారు దులుపునది మొదటిదానినే. పాతభావముల బూజు దులుపవలెనని రచయితలు వ్రాయునప్పుడును వారి మనస్సులోనున్నది సాలెగూటి బూజే. ఆ పలుకుబడిని నమ్మి రెండవ బూజును గూడ గదిలో దులుపబూనినచో పుస్తకములకును, ఊపిరితిత్తులకును చెఱుపు కలుగును.

శిలీంధ్రము సిద్ధబీజములచే వ్యాపించును. ఇవి మిల్లీమీటరులో వెయ్యవవంతులతో కొలువదగినంత చిన్నవి. మూసిన గదిలో దులిపినచో గంటలకొలది గాలిలో తేలి, పిదప ఇంతవరకు బాగుగనున్న పుస్తకములపై వ్రాలును. ఇవి లేని ఇల్లు లోకమున లేదు. అవి మొలకెత్తుటకు కావలసినది తడి యొక్కటే. గాలిలోని తేమ 65, 70 శాతములను మించి నిలిచినచో కాగితము, జిగురు, తోలు వానికి ఆహారమగును. తీరప్రాంతపు ఊళ్లలో వర్షకాలమందు ఇది తరచుగ జరుగునదే. బీజమును ఇంటినుండి వెడలగొట్టుట అసాధ్యము. తడిని అరికట్టుట సాధ్యము.

అయితే గోడపై కనబడు ప్రతి మచ్చయు బూజు కాదు. ఇటుకలలోని తడి పైకి ప్రాకి ఆరినప్పుడు అందు కరగియున్న లవణములు తెల్లని నూగువలె బయటికి తేలును. దీనినే గోడకు ఉప్పు పట్టినదందురు. దానిపై నీటిబొట్టు ఉంచినచో ఉప్పు చాలవరకు కరగును. బూజు కరగదు, నలిగి మరకయగును. ప్రహరీగోడలపై వెలుతురు తగులుచోట పచ్చగ, జారుడుగ నుండునది పాచి. అది శిలీంధ్రము కాదు. పాత కాగితములపై గోధుమరంగు చుక్కలు కొన్నియెడల శిలీంధ్రమువలన, కొన్నియెడల కాగితములోని ఇనుపరేణువులవలన ఏర్పడును. నూగు లేక లోనికి ఇంకిన చుక్కలను తుడువబోవుట వృథా. ఐనను ఉప్పు కనబడినచోట తడియున్నదనుట నిశ్చయము. అచ్చట బూజు మొలచుటకు ఎక్కువ కాలము పట్టదు.

పుస్తకపు వీపులపై, తోలు సంచులపై బూడిదపచ్చగనో నీలిపచ్చగనో పొడిపొడిగ మొలచునవి సాధారణముగ ఆస్పెర్జిల్లస్, పెనిసిలియం జాతులు. కిటికీ చట్రములపై, స్నానపుగది గోడలపై ముదురుపచ్చ మొదలు నలుపువరకు చుక్కలుగ పరచుకొనునది తరచు క్లాడోస్పోరియం. గొట్టము చాలకాలము కారగా నిత్యము తడిసియుండు అట్టలపై, జిప్సం పలకలపై నల్లగ, జిగటగ పెరుగునది స్టాకిబోట్రిస్. 1990ల దశకమున అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరమున పసిబిడ్డల ఊపిరితిత్తులలో రక్తస్రావమునకు ఇదియే కారణమని మొదట తలచిరి. ఆ సంబంధము రుజువు కాలేదని 2000లో ఆ దేశపు వ్యాధి నియంత్రణ కేంద్రమే ప్రకటించినది.

కావున రంగును చూచి భయపడుటయు, ఊరడిల్లుటయు తగదు. వేరుసెనగ గింజలపై పసుపుపచ్చగ మొలచు ఆస్పెర్జిల్లస్ ఫ్లేవస్ కాలేయమునకు హానిచేయు అఫ్లాటాక్సిన్ అను విషమును పుట్టింపగలదు. వేయించినను ఆ విషము పూర్తిగ పోదు. అట్టి గింజలను పారవేయవలసినదే. ఏ రంగు బూజైనను ఉబ్బసము గలవారిని బాధింపవచ్చును. శుభ్రపరచు పని వారు పూనుకొనరాదు. జాతిని తెలిసికొనుటకంటె తడి ఎచ్చటినుండి వచ్చుచున్నదో తెలిసికొనుట ముఖ్యము.

బూజుపట్టిన పుస్తకమును మొదట సంచిలో నుంచి తక్కినవాని నుండి వేరుచేయవలెను. తడిగనున్నప్పుడు తుడిచినచో రంగు కాగితములోనికి ఎక్కును. నీడపట్టున, గాలి తగులునట్లు, నిలువుగ తెరచి ఆరనీయవలెను. మండుటెండలో ఎక్కువసేపుంచినచో కాగితము పెళుసెక్కును, సిరా వెలియును. బూజు పూర్తిగ ఆరి పొడియైన పిదప ఆరుబయట, గాలివాలు చూచుకొని, ముక్కునకు నోటికి ఎన్95 తొడుగు ధరించి, మెత్తని కుంచెతో మెల్లగ తీసివేయవలెను. తాళపత్రములను మాత్రము ఇంట శుభ్రపరచుటకు పూనుకొనక లిఖితప్రతుల భాండాగారములలోని నిపుణులకు చూపవలెను. బీరువాను గోడకు బెత్తెడు ఎడముగ నిలుపవలెను. స్నానపుగది గోడకు ఆనింపరాదు. నాఫ్తలీన్ ఉండలు తేమను పీల్చవు.

గోడపై చిన్న మచ్చకు సబ్బునీటితో రుద్ది ఆరబెట్టుట చాలును. తడిని ఆపక పైన రంగు పూసినచో బూజు మరల పైకి వచ్చును. బ్లీచింగు పొడిని మరుగుదొడ్డి ఆమ్లముతో ఎన్నడును కలుపరాదు. విషవాయువగు క్లోరిన్ పుట్టును. పది చదరపు అడుగులను మించి బూజు వ్యాపించినచో అనుభవము గలవారిని పిలుచుట మేలు.

2009 అక్టోబరులో కర్నూలును, 2024 సెప్టెంబరులో విజయవాడను వరదనీరు ముంచెత్తినది. అట్టి ఆపదలో తడిసిన కాగితమునకు గడువు రెండు దినములే. 48 గంటలలో ఆరనిది సాధారణముగ బూజు పట్టును. రచయిత ఇంట ముందుగ చేపట్టవలసినవి అచ్చుపుస్తకములు కావు. అచ్చైన గ్రంథము మరియొక గ్రంథాలయమున దొరకవచ్చును. అచ్చుకాని వ్రాతప్రతికి, మిత్రుని ఉత్తరమునకు, తండ్రి దినచర్యకు రెండవ ప్రతి లేదు. వానిని ముందుగ ఆరబెట్టవలెను. అన్నిటిని ఆరబెట్టుటకు వ్యవధి చాలనిచో తక్కినవానిని కొద్దికొద్దిగ ప్లాస్టిక్ సంచులలో చుట్టి శీతలయంత్రమున మంచుగట్టు అరలో నుంచినచో బూజు ఎదుగుదల ఆగును. తరువాత తీరికగ కొన్ని కొన్ని చొప్పున తీసి ఆరబెట్టుకొనవచ్చును.

ఈ విషయమున తెలుగు వంటయింటికి క్రొత్తగ నేర్పవలసినది లేదు. జాడీని కడిగి, ఎండబెట్టి, ఊరగాయపై నూనె తేలునట్లు చూచి, తడి గరిట పెట్టవద్దని పిల్లలను మందలించు పెద్దలు శిలీంధ్రముల పేర్లు ఎఱుగరు. తడి తగిలిన ఊరగాయ నిలువదని ఎఱుగుదురు. ఆ జాడీకి చూపు శ్రద్ధ ప్రక్కగదిలోని పుస్తకముల బీరువాకును చూపినచో చాలును.