పియానో కాలి దగ్గరే ఉంది కిటుకు

పియానో పేరుకి అర్థమే ‘మెల్లగా’ అని మీకు తెలుసా? 1700 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో బార్తొలొమేయో క్రిస్తొఫోరి దీన్ని తయారుచేసినప్పుడు, మెల్లగానూ గట్టిగానూ పలికే వాద్యమని ‘పియానో ఎ ఫోర్తె’ అన్నారు. వాడుకలో ‘ఫోర్తె’ రాలిపోయింది. పేరులో మెల్లదనం మిగిలింది, ఇంట్లో మోత మిగిలింది!

మన పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్‌ది సరిగ్గా దీనికి ఎదురు సమస్య. మామూలు మాండొలిన్‌పై మీటిన స్వరం ఇట్టే ఆరిపోతుంది, గమకానికి నిలవదు. అందుకే ఆయన నాలుగు జంటల తీగలున్న వాద్యాన్ని పక్కనపెట్టి, ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టారు. అలాంటిదైతే వైరు పీకేస్తే పక్కగదికి కూడా పెద్దగా వినపడదు. పియానోకి పీకడానికి వైరేదీ? దాదాపు 230 తీగల అదురునీ లోపలి వెడల్పాటి చెక్క పలక అందుకుని గదంతా నింపేస్తుంది.

అయినా గొంతు తగ్గించే ఏర్పాటు చాలా నిలువు పియానోల్లో ముందే ఉంది. కింద మూడు పెడల్స్ ఉంటే, మధ్యదాన్ని తొక్కి పక్కకి జరపండి. సుత్తులకీ తీగలకీ మధ్య ఒక ఫెల్ట్ పట్టీ దిగుతుంది. సాధనకి ఆ ముసుగు గొంతు చాలు. (కొన్నిట్లో ఆ పెడల్ వేరే పని చేస్తుంది, కొన్నిట్లో అసలు ఉండదు.) ఎడమ పెడల్ సుత్తుల్ని తీగలకి దగ్గర చేస్తుంది, దాంతో దెబ్బ జోరు తగ్గుతుంది. అయినా మరీ ఖంగుమంటుంటే, సుత్తుల ఫెల్ట్‌ని సూదులతో గుచ్చి మెత్తబరచడం ట్యూనర్‌కి తెలిసిన విద్యే. సొంతంగా మాత్రం గుచ్చకండి.

కింది వాటావాళ్లని విసిగించేది చాలావరకు పాట కాదు, శ్లాబులోంచి దిగే అదురు. చక్రాల కింద రబ్బరు గిన్నెలు పెట్టి, వాటి కింద మందపాటి తివాచీ వేస్తే అది తగ్గుతుంది. నిలువు పియానోకి వీపువైపు నుంచే శబ్దం ఎక్కువ. అందుకని పక్కింటివాళ్లతో కలిసిన గోడకి ఆనించొద్దు. నరసాపురం లేసు గుడ్డ పైన పరిస్తే గదికి అందమే కానీ, చిల్లుల గుడ్డ శబ్దాన్నేం ఆపుతుంది?

పాత బొంతలు లోపల కుక్కమని చెప్పేవాళ్లుంటారు. గోదావరి జిల్లాల్లో ఆ సలహా వినకండి. ముసురు పట్టిన నెలల్లో బొంత తేమని పట్టి ఉంచుతుంది. తీగలు తుప్పు పడతాయి, మెట్లు బిగుసుకుంటాయి. ఉన్నితో చేసిన ఫెల్ట్ అంటే చిమ్మటలకి విందు భోజనం. బొంతని పియానో వెనక, గాలి ఆడేలా వేలాడదీయండి, చాలు. ఎండ కాసినరోజు తీసి దులపండి.

డబ్బుకి వెనకాడనివాళ్లకి ఇంకో దారి ఉంది. 1993లో యమహా తెచ్చిన ‘సైలెంట్ పియానో’లో సుత్తి తీగని తాకకముందే ఆగిపోతుంది, స్వరం హెడ్‌ఫోన్స్‌లో వినపడుతుంది.

నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదని మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. పియానోని కాస్త గట్టిగా వాయిస్తే గదిలో 80 దాటడం మామూలే. కాబట్టి పాత పియానో బేరమాడేటప్పుడు మెట్లతో పాటు మధ్య పెడల్‌ని కూడా ఒకసారి తొక్కి చూడండి.